బరువు ఒకరిది, నిర్ణయం ఒకరిది

(యూసుఫ్‌గూడలో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నన్ను మాట్లాడమన్న విషయం మన సమావేశాల్లో తరచుగా వచ్చేది కాదు. వరకట్నం, గృహహింస, ఆస్తిహక్కు, పనిచోట లైంగిక వేధింపులు - వీటిమీద మాట్లాడటానికి మనకి భాష ఉంది, అనుభవం ఉంది, కొట్లాడి తెచ్చుకున్న చట్టాలున్నాయి. ముసలితనంలో మతి తప్పినవాళ్లని చూసుకోవడం అన్నది మాత్రం ఇంటి విషయంగా, ఇంకా చెప్పాలంటే ఇంట్లో వెనకగది విషయంగా ఉండిపోయింది.

అయినా ఇది మన దగ్గరికి వస్తూనే ఉంది. గంట కిందట తిన్న అన్నం మర్చిపోయి "నా కోడలు నాకు కూడు పెట్టడంలేదు" అని వీధిలో అందరికీ చెప్పే అత్తగారు, ఆ మాటకి తల వంచుకుని మన ఆఫీసుకొచ్చి ఏడ్చే కోడలు - దీన్ని మనం అత్తాకోడళ్ల తగాదా అంటాం. బీరువాలో గాజులు కనబడకపోతే దొంగతనం అంటగట్టబడి పోలీస్‌స్టేషన్ మెట్లెక్కిన ఆయా - అది పనిమనుషుల సమస్య. తల్లి వేలిముద్ర వేయించుకుని ఇల్లు రాయించుకున్న కొడుకు - అది ఆస్తి కేసు. ఈ మూడింటి వెనకా ఉన్నది ఒకే జబ్బు కావచ్చు. ఆ జబ్బు పేరు డెమెన్షియా.

తెలుగులో మనం దీన్ని మతిమరుపు అంటాం, చాదస్తం అంటాం, కాస్త కోపమొస్తే "ఎర్రగడ్డకి పంపాలి" అంటాం. తాళంచెవులు ఎక్కడ పెట్టామో మర్చిపోవడం మతిమరుపు. తాళంచెవి చేతిలో ఉండగా అది దేనికో తెలియకపోవడం డెమెన్షియా. జ్ఞాపకం ఒక్కటే కాదు, మాట, దారి, లెక్క, మనుషుల ముఖాలు, చివరికి ఒంటిమీద బట్ట ఎందుకుండాలన్న ఎరుక కూడా ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా జారిపోతాయి. మెదడులో వచ్చే రకరకాల జబ్బులవల్ల ఇది వస్తుంది. వాటిలో ఎక్కువమందికి వచ్చేది అల్జీమర్స్. ఆ పేరు ఒక జర్మన్ డాక్టరుది. ఆయన 1901లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో చూసిన మొదటి పేషెంటు ఆగస్టె డేటర్ అనే 51 ఏళ్ల గృహిణి. భర్తమీద అనుమానం పెంచుకుందని, ఇంటిపని చెయ్యలేకపోతోందని భర్తే తీసుకొచ్చి చేర్పించాడు. వైద్య చరిత్రలో ఈ జబ్బు కథ ఒక ఆడమనిషి వంటపని తప్పడంతో మొదలైందన్నమాట. జబ్బుకి డాక్టరు పేరు మిగిలింది.

మన దేశంలో దీని పరిమాణం ఎంత? 60 ఏళ్లు దాటినవాళ్లమీద దేశవ్యాప్తంగా జరిగిన సర్వే ఆధారంగా 2023లో వెలువడిన అంచనా ప్రకారం నూటికి 7.4 మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డెమెన్షియా ఉంది. పురుషుల్లో నూటికి 5.8 అయితే స్త్రీలలో 9. పట్టణాల్లో కంటే పల్లెల్లో ఎక్కువ. చదువుకునే అవకాశం దొరకనివాళ్లలో ఎక్కువ. చిన్నప్పుడు బడికి పంపకపోవడం అన్న వివక్ష డెబ్భై ఏళ్ల తర్వాత మెదడులో కూడా లెక్కకొస్తోందని దీన్నిబట్టి అర్థమవుతోంది.

ఇక్కడికి దగ్గర్లోనే, పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రి మెమొరీ క్లినిక్‌లో సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు చేసిన పరిశోధన 2013లో అచ్చయి ప్రపంచమంతా చర్చకి వచ్చింది. డెమెన్షియా ఉన్న 648 మందిని పరిశీలిస్తే, రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు లక్షణాలు ఒకే భాష మాట్లాడేవాళ్లకంటే సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయని తేలింది. బడి ముఖం చూడనివాళ్లలో కూడా ఈ తేడా కనబడింది. తెలుగు, ఉర్దూ కలిపి బతుకుతున్న హైదరాబాదు బస్తీ ఆడవాళ్ల నోటిమాటకి ఇంత విలువ ఉందని సైన్సు చెప్పినందుకు సంతోషించాల్సిందే. కానీ ఆలస్యంగానైనా వచ్చిన తర్వాత? ఆసుపత్రి జబ్బుకి పేరు పెడుతుంది, మందు రాస్తుంది, మూడు నెలల తర్వాత రమ్మంటుంది. ఆ మూడు నెలలూ, ఇరవైనాలుగు గంటలూ చూసుకోవాల్సింది ఇల్లు. ఇల్లు అంటే ఎవరో మనకి వేరే చెప్పక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం డెమెన్షియా ఉన్నవాళ్లకి అందే సంరక్షణలో 70 శాతం గంటలు స్త్రీలు ఇస్తున్నవే. మన దేశంలో 2019లో జరిగిన కాల వినియోగ సర్వేలో, ఇంట్లోవాళ్లని చూసుకునే పని చేసేవాళ్లలో స్త్రీలు రోజుకి 134 నిమిషాలు, పురుషులు 76 నిమిషాలు పెడుతున్నారని తేలింది. అయితే డెమెన్షియా ఉన్న మనిషిని చూసుకోవడంలో సగం పని కాపలా. నిద్రలో కూడా ఒక చెవి తలుపు గడియమీద పెట్టి పడుకునే ఆడమనిషి శ్రమ ఏ సర్వే నిమిషాల్లోకి ఎక్కుతుంది?

నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఇది. డెమెన్షియా విషయంలో నైతిక ప్రశ్నలు అని పుస్తకాల్లో రాసేవన్నీ డాక్టర్ల ప్రశ్నల్లాగా, జడ్జీల ప్రశ్నల్లాగా ఉంటాయి. నిజం చెప్పాలా వద్దా, కట్టెయ్యొచ్చా, ఆమె తరఫున ఎవరు నిర్ణయించాలి - ఇలా. కాని వాస్తవంలో ఈ ప్రశ్నలు తెల్లవారుజామున రెండింటికి, తడిసిన పక్క మారుస్తున్న కోడలికో, కూతురికో, భార్యకో, జీతానికున్న ఆయాకో ఎదురవుతాయి. అప్పటికప్పుడు జవాబు చెప్పాల్సింది ఆమే. సంతకం పెట్టే అధికారం, డబ్బు తీసే అధికారం, డాక్టరుతో మాట్లాడే అధికారం మాత్రం ఆమెది కాదు. బరువు ఒకరిది, నిర్ణయం ఒకరిది. తప్పు జరిగితే నింద మళ్లీ బరువు మోసేవాళ్లదే. ఈ పొందిక మారకుండా "ఓపికగా చూసుకోండి, ప్రేమగా చూసుకోండి" అని చెప్పే నీతిపాఠాలన్నీ పాత పతివ్రతా ధర్మానికి కొత్త అట్ట వేయడమే.

మొదట నిజం చెప్పడం గురించి చూద్దాం. సాయంత్రం అయ్యేసరికి సంచి పట్టుకుని "చీకటి పడుతోంది, మా అమ్మ ఎదురుచూస్తుంది" అని బయల్దేరే ఎనభై ఏళ్ల మనిషికి ఏం చెప్పాలి? మీ అమ్మ పోయి నలభై ఏళ్లయిందని చెబితే ఆమెకి అది కొత్త చావు. రేపు సాయంత్రం మళ్లీ కొత్త చావు. రోజూ ఒక మనిషికి తల్లి చావు కబురు చెప్పడం సత్యవ్రతం అనిపించుకోదు. అలాగని "మీ అమ్మ వస్తోంది, కూర్చో" అంటే అబద్ధం. ఈ వీధుల్లోనే ఒక కూతురు నాతో చెప్పిన పద్ధతి నాకు నచ్చింది. "మీ అమ్మ ఏం కూర వండేదమ్మా?" అని అడుగుతుందట. తల్లి గోంగూర గురించి, కట్టెల పొయ్యి గురించి చెప్పుకుంటూ సంచి కింద పెడుతుందట. అబద్ధం ఆడలేదు, దెబ్బ కొట్టలేదు. ఆ వయసులో అమ్మని అడుగుతోందంటే భయంగా ఉందని అర్థం. కూతురు ఆ భయానికి జవాబు చెప్పింది.

అన్ని అబద్ధాలూ ఒకటి కావు. "గుడికి పోదాం పద" అని చెప్పి రిజిస్ట్రారు ఆఫీసుకి తీసుకెళ్లడం కూడా అబద్ధమే. ఈ రెంటికీ తేడా తెలుసుకోవడానికి ఒక కొలత ఉంది. ఈ మాటవల్ల ఎవరికి ఊరట, ఎవరికి లాభం? ఊరట ఆమెదైతే ఒక సంగతి. లాభం మనదైతే అది మోసం, ఆమెకి గుర్తుండకపోయినా సరే.

ఇందులోనే ఇంకో విషయం ఉంది. జబ్బు మొదట్లో మనిషికి చాలా తెలివి ఉంటుంది. ఆ దశలో డాక్టరు గదిలో ఏం జరుగుతుందో గమనించండి. కుర్చీలో కూర్చున్న ఆడమనిషి తలమీదుగా డాక్టరు కొడుకుతో మాట్లాడతాడు. కొడుకు "ఆమెకి చెప్పకండి, భయపడుతుంది" అంటాడు. తనకేమవుతోందో తెలుసుకుని, తన డబ్బు ఏం చెయ్యాలో, ఎవరి దగ్గర ఉండాలనుకుంటుందో, తన ఒంటికి ఎవరు స్నానం చేయిస్తే ఇష్టమో చెప్పుకోగల కాలం అది ఒక్కటే. ఆ కాలాన్ని మన మంచితనంతో దొంగిలిస్తాం. తర్వాత, ఏమీ చెయ్యలేని దశలో "నువ్వు మర్చిపోయావు, నీకు తెలీదు, ఇందాకే చెప్పాను కదా" అని రోజుకి వందసార్లు నిజం చెబుతాం. ఉపయోగపడే నిజం దాచి, నొప్పించే నిజం చెప్పడం చాలా ఇళ్లలో జరుగుతోంది. దీన్ని తలకిందులు చెయ్యాలి.

"ముసలితనం రెండో బాల్యం" అంటారు. ప్రేమగా అనే మాటే, కాని ప్రమాదకరమైన మాట. పసిబిడ్డకి వెనక జీవితం లేదు. ఈమెకి డెబ్భై ఏళ్ల ఇష్టాయిష్టాలున్నాయి, పట్టుదలలున్నాయి, ఎవరికీ చెప్పని రహస్యాలున్నాయి. ఇన్నేళ్లూ మొగుడి మాట, కొడుకు మాట మీద నడిచిన ఆడదాన్ని "పసిపిల్ల" అని పిలిస్తే ఆమెకి దొరికిన కొద్దిపాటి పెద్దరికం కూడా పోతుంది. తెల్లచీర వద్దు, రంగుచీర కావాలని ఒక విధవ తల్లి జబ్బు వచ్చాక మొండికేసిందట. మతి లేక అడుగుతోందని ఇంట్లోవాళ్లు ఇవ్వలేదు. మతి ఉన్నన్నాళ్లూ అడిగే ధైర్యం లేక ఊరుకుందేమోనని ఎవరికీ తోచలేదు. అన్నం, బట్ట, కిటికీ దగ్గర మంచం లాంటి చిన్న విషయాల్లో చివరి దాకా ఆమె మాట చెల్లాలి. పెద్ద కాగితాలమీద సంతకం పెట్టే శక్తి లేకపోవడం, చీర రంగు ఎంచుకునే శక్తి లేకపోవడం ఒకటి కాదు.

ఇక తాళం వెయ్యడం, కట్టెయ్యడం. ఈ కృష్ణానగర్‌లో, రహ్మత్‌నగర్‌లో రెండు గదుల పోర్షన్లలో మూడో అంతస్తులో ఉంటున్న కుటుంబాన్ని ఊహించుకోండి. కింద ఇరుకు సందు, సందు దాటితే బస్సులు, ఆటోలు. కూతురు నాలుగిళ్లలో వంట చేసి వస్తేగాని అద్దె గడవదు. తల్లిని లోపల పెట్టి తాళం వేసి పోతుంది. లేదా పాత చీర చించి మంచానికి కడుతుంది. మనలాంటివాళ్లం వెళ్లి "ఇది మానవ హక్కుల ఉల్లంఘన" అంటే ఆమె మొహంలోకి చూసి అనగలమా? అలాగని అది సరైనదని నేను అనడంలేదు. కట్టేసిన మనిషికి భయం పెరుగుతుంది, గింజుకుని పడతారు, పుళ్లు పడతాయి. తాళం వేసిన ఇంట్లో గ్యాసు అంటుకుంటే బయటికి రాలేరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 97వ సెక్షన్ ప్రకారం ఆసుపత్రిలో కూడా తక్షణ ప్రమాదం తప్పించడానికి వేరే దారి లేనప్పుడు తప్ప పేషెంటుని కట్టకూడదు, అదీ బాధ్యతగల సైకియాట్రిస్టు అనుమతితోనే. ఇంటికి అలాంటి నియమం లేదు. ఇంట్లో సైకియాట్రిస్టు లేడు, నర్సు లేదు, రెండో మనిషి లేదు. కాబట్టి ఎవరు కట్టారని అడిగే ముందు ఆ గంటలో ఎవరెవరు అక్కడ లేరని అడగాలి. కొడుకులు లేరు, వార్డులో పగటిపూట ఉంచే కేంద్రం లేదు, ఇరుగుపొరుగు లేరు. ముడి వేసిన చెయ్యి ఒకటే గాని, ఆ ముడికి కారణమైనవాళ్లు చాలామంది.

ఈ నింద ఎంత దూరం పోతుందో జపాన్‌లో జరిగిన ఒక కేసు చూపిస్తుంది. 2007లో డెమెన్షియా ఉన్న 91 ఏళ్ల వృద్ధుడు ఇంట్లోంచి బయటికి పోయి రైలు కిందపడి చనిపోయాడు. రైళ్లు ఆలస్యమైనందుకు నష్టపరిహారం ఇమ్మని రైల్వే కంపెనీ కుటుంబంమీద దావా వేసింది. ఆయన బయటికి పోయినప్పుడు 85 ఏళ్ల భార్య కాసేపు కునుకు తీసింది. ఆమెకే ఇంకొకరి సాయం కావాలి. అయినా 2013లో కింది కోర్టు ఆమె, పెద్దకొడుకు కలిసి 72 లక్షల యెన్లు కట్టాలంది. 2014లో హైకోర్టు దాన్ని సగం చేసి భార్య ఒక్కతే కట్టాలంది. 2016 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. భార్య అయినంత మాత్రాన కాపలా బాధ్యత చట్టప్రకారం ఆమె నెత్తిన పడదని తేల్చింది. ఒక ముసలామె కునుకు నేరం కాదని నిర్ణయించడానికి అంత అభివృద్ధి చెందిన దేశానికి ఎనిమిదేళ్లకి పైగా పట్టింది.

కట్టడానికి చీరే అక్కర్లేదు, మాత్ర కూడా తాడే. రాత్రిళ్లు అరవకుండా, తిరక్కుండా ఉండటానికి పెరుగన్నంలో కలిపి పెట్టే మందుల సంగతి మీలో చాలామందికి తెలుసు. మానసిక జబ్బులకి వాడే కొన్ని మందులు డెమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణ ప్రమాదాన్ని పెంచుతాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. అవసరమైన సందర్భాలుంటాయి, కాదనను. అయితే ఆ మాత్ర ఎవరి బాధ తగ్గడానికి, ఎన్నాళ్లకి, ఎప్పుడు ఆపాలి - ఈ మూడూ డాక్టరుని అడిగే హక్కు, ధైర్యం చూసుకునే ఆడమనిషికి ఉండాలి.

జీతానికి చూసుకునే స్త్రీల గురించి విడిగా మాట్లాడాలి. అమీర్‌పేట, యూసుఫ్‌గూడ ప్రాంతాల్లో హోం నర్సింగ్ బ్యూరోల బోర్డులు మీరంతా చూసే ఉంటారు. బ్యూరోలు పంపే స్త్రీలు కొందరు పన్నెండు గంటల డ్యూటీ చేస్తారు, కొందరు ఆ ఇంట్లోనే రాత్రింబవళ్లు ఉంటారు. బ్యూరో కమీషను పోగా మిగిలింది వాళ్లకి. సెలవు అంటే బదులు మనిషిని తెచ్చుకోవాలి. వీళ్లలో దళిత స్త్రీలు చాలామంది. జబ్బుపడ్డ పెద్దావిడ కొత్తవన్నీ మర్చిపోతుంది, పాతవి మిగులుతాయి. ఆ మిగిలినవాటిలో కులం ఒకటి. "ఏ కులమే నువ్వు? దాని చేతి నీళ్లు నేను తాగను" అని అరుస్తుంది. ఇంట్లోవాళ్లు "పెద్దావిడ, మతి లేదు, పట్టించుకోకమ్మా" అంటారు. మతి లేనిది నిజమే. కాని ఆ మాట పడే మనిషికి మతి ఉంది. రోజంతా మలమూత్రాలు ఎత్తి, పైన కులం పేరుతో తిట్టు తిని, అది జబ్బు మాట అని నవ్వుతూ ఉండాలనడం ఎవరి నీతి? ఆ ఇంట్లోవాళ్లు ఆమె ముందు తలవంచి క్షమాపణ చెప్పుకోవాలి. ఆ సమయంలో వాళ్లే వచ్చి నీళ్లు తాగించాలి. ఆమె కూర్చునే కుర్చీ, తాగే గ్లాసు వేరుగా ఉంటే ఆ తిట్టు జబ్బుది మాత్రమే కాదు, ఇంటిది కూడా.

అలాగే, జబ్బుపడిన మగవాళ్లు కొందరు చూసుకునే స్త్రీల ఒంటిమీద చేతులు వేస్తారు. అతనికి తెలిసి చేశాడా లేదా అన్నది డాక్టరు చెప్పొచ్చు. ఆమెకి జరిగినది మాత్రం జరిగింది. పనిచోట లైంగిక వేధింపులమీద 2013లో వచ్చిన చట్టం ఇంటిని కూడా పనిచోటుగానే గుర్తించింది. అతన్ని శిక్షించడం ఇక్కడ అర్థంలేని పని. స్నానం చేయించడానికి మగమనిషిని పెట్టడం, ఆమెని ఒంటరిగా ఆ గదిలోకి పంపకపోవడం, ఆమె చెప్పినప్పుడు నమ్మడం ఆ ఇంటివాళ్ల బాధ్యత. ఇంటిపనివాళ్ల హక్కులమీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒడంబడికని మన దేశం ఆమోదించలేదన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. రహ్మత్‌నగర్‌లో అరవై దాటిన ఒకామె నన్ను అడిగింది. "నలభై ఏండ్లు కొట్టిండు మేడం. చెయ్యి ఇరగ్గొట్టిండు. ఇప్పుడు నన్నే అమ్మా అని పిలుస్తుండు. అన్నం తినిపిస్తే నా కొంగు పట్టుకుని ఇడుస్తలేడు. నేనేం జెయ్యాలె?"

కొట్టినవాడికి మరుపు వచ్చింది, దెబ్బలు తిన్నామెకి రాలేదు. ఇప్పుడు అతన్ని నిలదీయడానికి కూడా వీల్లేదు, ఎందుకంటే నిలదీయడానికి ఆ మనిషి అక్కడ లేడు. చుట్టూ ఉన్నవాళ్ల దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉన్నాయి. ఎంతైనా మొగుడు, చివరి రోజుల్లో సేవ చేసి పుణ్యం కట్టుకో అనేది ఒకటి. తగిన శాస్తి జరిగింది, వదిలెయ్ అనేది రెండోది. మొదటి జవాబు ఆమె నలభై ఏళ్లని తుడిచేస్తుంది. రెండోది, సొంతంగా నీళ్లు కూడా తాగలేని మనిషిని శిక్షకి అప్పగిస్తుంది. మనం హింసని వ్యతిరేకించేవాళ్లం. నిస్సహాయుడైన మనిషిని ఆకలికో, మురికికో వదిలెయ్యడం కూడా హింసే, అతను ఒకప్పుడు ఎలాంటివాడైనా.

ఇక్కడ మనం రెండు విషయాల్ని విడదీసి చూడాలి. తిండి, శుభ్రత, మందు, దెబ్బలు తినకుండా ఉండటం - ఇవి అతని హక్కులు. మనిషి అన్నవాడికల్లా ఉన్న హక్కులు. అయితే ఆ హక్కుకి బాకీ పడింది ఆమె ఒక్కతే కాదు. కొడుకులున్నారు, అన్నదమ్ములున్నారు, ఓట్లు అడిగే ప్రభుత్వం ఉంది. సంరక్షణ పొందే హక్కు అతనికి ఉంది గాని, ఫలానా ఆడమనిషి చేతులమీద, ఆమె ఇష్టం లేకపోయినా, సంరక్షణ పొందే హక్కు ఎవరికీ లేదు. కూతుళ్లకి, కోడళ్లకి, భార్యలకి అందరికీ వర్తించే మాట ఇది. ప్రేమతో చేసేవాళ్లున్నారు. వాళ్ల ప్రేమని తక్కువ చెయ్యను. ఎవరైనా కాదనగలిగినప్పుడే ఔననడానికి విలువ ఉంటుంది.

ఆమె చివరికి తనే ఒక జవాబు తేల్చుకుంది. అన్నం తను పెడుతుంది. స్నానం, పక్క మార్చడం కొడుకులు వంతులేసుకుని చెయ్యాలి. రాత్రి అదే గదిలో ఆమె పడుకోదు. "ఆ గదిల నాకు నిద్ర రాదు" అంది. కొడుకులు మొదట గొణిగారు, తర్వాత ఒప్పుకున్నారు. ఆమె క్షమించిందా లేదా అని నేను అడగలేదు. అడిగే హక్కు నాకు లేదనుకున్నాను.

చట్టాలు ఈ విషయంలో ఏం చేస్తున్నాయి? 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద పిల్లలనుంచి నెలకి గరిష్ఠంగా పదివేల రూపాయల దాకా మనోవర్తి ఇప్పించవచ్చు. చూసుకుంటామన్న షరతుమీద ఆస్తి రాయించుకుని చూడకపోతే 23వ సెక్షన్ కింద ఆ బదలాయింపుని రద్దు చేయించవచ్చు. ఇది పనికొచ్చే ఆయుధం, వాడండి. ఈ చట్టంలో పిల్లలంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలు లేదు. 2019లో కోడళ్లని, అల్లుళ్లని చేర్చే సవరణ బిల్లు పార్లమెంటులో పెట్టారు గాని అది చట్టం కాలేదు. చాకిరీలో మొదటి పేరు కోడలిది, హక్కులో ఆమె పేరే ఉండదు, బాధ్యతలో మాత్రం చేర్చుదామన్నారు. ఇదే 2007 చట్టాన్ని అడ్డం పెట్టుకుని కోడళ్లని ఇంట్లోంచి గెంటించిన కేసులు కూడా ఉన్నాయి. గృహహింస చట్టం కింద స్త్రీకి ఉన్న నివాసపు హక్కుని ఆ దారిన కొట్టెయ్యడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో వనిత కేసులో చెప్పింది. ముసలివాళ్ల హక్కు, కోడలి హక్కు ఒకదానికొకటి శత్రువులని ఒప్పుకోనక్కర్లేదని ఆ తీర్పు మనకి గుర్తుచేస్తుంది.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. అమ్మ దగ్గర పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకున్నాం, ఇక ఫర్వాలేదు అనుకుంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం రాసిచ్చిన మనిషికి మతి తప్పితే ఆ అధికారం కూడా రద్దవుతుంది. సరిగ్గా అవసరమైన రోజున ఆ కాగితం చెల్లదు. దానికి బదులు మతి బాగున్నప్పుడే చేసుకోగల పనులున్నాయి. 2017 చట్టం మానసిక జబ్బుకి ఇచ్చిన నిర్వచనంలో జ్ఞాపకశక్తికి సంబంధించిన తీవ్రమైన లోపం కూడా ఉంది. ఆ చట్టం కింద నాకు ఎలాంటి వైద్యం కావాలి, ఎలాంటిది వద్దు అని ముందస్తు ఆదేశం రాసుకోవచ్చు, నా తరఫున మాట్లాడే ప్రతినిధి ఎవరో నియమించుకోవచ్చు. ఆ ప్రతినిధి కొడుకే కానక్కర్లేదు. కూతురు కావచ్చు, స్నేహితురాలు కావచ్చు. అలాగే 2016 వికలాంగుల హక్కుల చట్టం 14వ సెక్షన్ పరిమిత సంరక్షకత్వం గురించి చెబుతూ, సంరక్షకుడు, ఆ వ్యక్తి కలిసి నిర్ణయించుకోవాలంటుంది. కలిసి అన్న ఆ ఒక్క మాటని మనం పట్టుకోవాలి.

మన సంఘాలు ఏం చెయ్యగలవు? వార్డుకొకటి పగటిపూట సంరక్షణ కేంద్రం కావాలని అడగాలి. దిక్కులేని స్త్రీలకోసం ఈ యూసుఫ్‌గూడలోనే స్టేట్ హోం ఉంది. ఇల్లు ఉండి, పగలు చూసే దిక్కులేనివాళ్లకి ఏముంది? 2018నుంచి నడుస్తున్న బస్తీ దవాఖానాల్లో ఈ జబ్బుని గుర్తుపట్టడం, చూసుకునేవాళ్లతో మాట్లాడటం నేర్పించమని అడగాలి. ఆయాలకి రాతపూర్వకమైన ఒప్పందం, వారానికొక సెలవు, దొంగతనం ఆరోపణ వచ్చినప్పుడు సంఘం తోడు ఉండాలి. సందులో కిరాణా కొట్టు, ఇస్త్రీ బండి, ఆటోస్టాండు వాళ్లకి "ఈ పెద్దావిడ ఫలానా ఇంటామె, కనబడితే కబురు చెయ్యండి" అని చెప్పిపెట్టడం పైసా ఖర్చులేని పని. సిగ్గుపడి దాచుకుంటే తాళమే మిగులుతుంది. వృద్ధుల సహాయానికి 14567 నంబరు ఉంది, గోడలమీద రాయండి. వృద్ధాశ్రమంలో చేర్చిన కూతుర్ని కర్కోటకురాలని మనమే అనడం మానెయ్యాలి. ఆ ఆశ్రమంలో కట్టేస్తున్నారా, ఎవరైనా వెళ్లి చూస్తున్నారా అని అడగడం మన పని.

చివరగా ఒక సూచన. ఈసారి అత్తాకోడళ్ల తగాదా అనో, దొంగతనం అనో, ఆస్తి గొడవ అనో ఒక కేసు వచ్చి, ఆ ఇంట్లో మతి తప్పిన మనిషి ఉన్నారని తెలిస్తే మూడు ప్రశ్నలు అడగండి. ఆ మనిషి మతి బాగున్నప్పుడు ఏం కోరుకునేది? రాత్రిపూట లేచేది ఎవరు? సంతకం ఎవరిది? రాత్రి లేచే మనిషికి సంతకం దగ్గర చోటు లేకపోయినా, జబ్బుపడ్డ మనిషి కోరిక ఏమిటో ఎవరికీ తెలియకపోయినా, మన పని అక్కడినుంచి మొదలవుతుంది.